ఎన్.డి.ఎం-1

ఎన్.డి.ఎం-1 అనునది కొన్ని బాక్టీరియాలు తయారుచేసుకొనే ఒక ఎంజైము. దీని పూర్తి పేరు న్యూఢిల్లీ మెటాలో బీటా లాక్టమేజ్-1. పెన్సిలిన్ మొదలుకొని కార్బాపెనెం వరకు గల బీటా లాక్టం వర్గపు యాంటీబయాటిక్ మందులలో అజ్ట్రియోనాం తప్ప దాదాపు అన్నిటినీ ఇది విచ్ఛిన్నము చేయగలదు. ఈ ఎంజైమునకు మూలమైన జన్యువు ఒక బాక్టీరియా నుండి మరొక బాక్టీరియాకు సులభముగా చేరగలదు. ఇది రోగము కాదు, క్రిమి కూడా కాదు. 2010లో వార్తాపత్రికలు దీనిని 'సూపర్ బగ్' అని వ్రాసినవి గాని, ఆ పేరుకు తగినది ఈ జన్యువును మోసే బాక్టీరియాయే.

ఎన్.డి.ఎం-1 గల బాక్టీరియా ఆరోగ్యవంతుల ప్రేగులలో ఏ బాధా కలిగించకుండా ఉండిపోవచ్చును. అదే బాక్టీరియా శస్త్రచికిత్స జరిగినవారి గాయములోనికి, మూత్రము కొరకు గొట్టము అమర్చినవారి మూత్రాశయములోనికి, నెలలు నిండక పుట్టిన శిశువు రక్తములోనికి ప్రవేశించినచో ప్రాణాపాయము కలుగుతుంది. ఇంటివద్ద అపాయము లేని జీవి ఆసుపత్రిలో అపాయకరమగుట చేత ఈ ఎంజైము చరిత్ర చాలావరకు ఆసుపత్రుల చరిత్రయే అయినది.

కనుగొన్న విధము

2007 డిసెంబరులో భారత సంతతికి చెందిన ఒక స్వీడన్ నివాసి న్యూఢిల్లీలో ఆసుపత్రి చికిత్స పొందినాడు. 2008 జనవరిలో స్వీడన్‌కు తిరిగి వెళ్ళిన తరువాత అక్కడి ఆసుపత్రిలో అతని మూత్రమును పరీక్షించగా క్లెబ్సియెల్లా న్యుమోనియే అను బాక్టీరియా కనిపించినది. కార్బాపెనెం మందులు దానిపై పనిచేయలేదు. అప్పటికి తెలిసిన నిరోధక జన్యువులేవీ అందులో దొరకలేదు. దొంగ్యున్ యోంగ్, స్వీడన్‌కు చెందిన క్రిస్టియన్ గిస్కె, బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయమునకు చెందిన తిమోతీ వాల్ష్ తదితరులు కలిసి దీనిని పరిశోధించి, కొత్త ఎంజైమును గుర్తించి, 2009 డిసెంబరులో వివరములను ప్రచురించినారు.

ఆ పరిశోధనలో మరొక విషయము కూడా బయటపడినది. అదే రోగి మలములోని ఎషెరీషియా కోలి బాక్టీరియాలో కూడా ఈ జన్యువు ఉన్నది. రెండు వేర్వేరు జాతుల బాక్టీరియాలలో ఒకే జన్యువు ఉన్నదనగా, అది ఆ మనిషి శరీరములోనే ఒకదాని నుండి మరొకదానికి చేరి ఉండవలెను. ఒక మందుకు లొంగని క్రిమి దొరకుట కంటే ఈ సంగతియే శాస్త్రజ్ఞులను ఎక్కువగా కలవరపెట్టినది.

2008లో గుర్తించినంత మాత్రమున ఇది ఆ సంవత్సరములోనే పుట్టినదని అర్థము కాదు. 2006-07లో భారతదేశపు ఆసుపత్రులలో సేకరించి భద్రపరచిన నమూనాలను తరువాత తిరిగి పరీక్షించగా న్యూఢిల్లీ, ముంబై, పూణే నగరముల నమూనాలలో ఈ జన్యువు కనిపించినది. జన్యువు నిర్మాణమును బట్టి ఇది రెండు వేరు జన్యువుల ముక్కలు అతికినందువలన ఏర్పడినదనీ, ఆ అతుకు అసినిటోబాక్టర్ బామనీ అను బాక్టీరియాలో జరిగి ఉండవచ్చుననీ పరిశోధకులు భావిస్తున్నారు. అసినిటోబాక్టర్ కూడా ఇంటెన్సివ్ కేర్ వార్డులను ఆశ్రయించి బ్రతికే జీవియే.

పనిచేయు తీరు

బీటా లాక్టం మందులన్నిటి అణువులలోను నాలుగు పరమాణువులతో ఏర్పడిన ఒక చిన్న వలయము ఉంటుంది. బాక్టీరియా తన కణకవచమును కట్టుకొనే పనిని ఈ మందులు ఆపివేస్తాయి. వలయము తెగినచో మందు నిర్వీర్యమవుతుంది. పెన్సిలిన్‌ను విరిచే ఎంజైములు 1940ల నుండి తెలిసినవే. వాటికి లొంగని మందుల కొరకు వెదకగా సెఫలోస్పోరిన్‌లు, వాటి తరువాత కార్బాపెనెంలు వచ్చినవి. కార్బాపెనెంలలో మొదటిదైన ఇమిపెనెం 1985లో అమెరికాలో అనుమతి పొందినది. మిగిలిన మందులు పనిచేయనప్పుడు వాడుటకు వైద్యులు వీటిని చివరి అస్త్రముగా దాచి ఉంచుకొనేవారు.

ఎన్.డి.ఎం-1 ఆ చివరి అస్త్రమునే విరుస్తుంది. ఎంజైము క్రియాస్థానములో రెండు జింకు అయానులు ఉంటాయి. 'మెటాలో' అను మాట ఈ లోహమును సూచించునదే. జింకు అయానులు ఒక నీటి అణువును చురుకుగా చేయగా అది వలయమును తెంచివేస్తుంది. అజ్ట్రియోనాం అను మందును మాత్రము ఈ ఎంజైము తెంచలేదు. అయితే ఎన్.డి.ఎం-1 గల బాక్టీరియాలో సాధారణముగా వేరే ఎంజైములు కూడా ఉండి అజ్ట్రియోనామును అవి విరుస్తాయి. కనుక ఈ మినహాయింపు చాలాకాలము కాగితము మీది మినహాయింపుగానే మిగిలిపోయినది.

జన్యువు బాక్టీరియా క్రోమోజోములో కాక, ఎక్కువగా ప్లాస్మిడ్ అనబడే విడి డి.ఎన్.ఎ. వలయము మీద ఉంటుంది. రెండు బాక్టీరియాలు తగిలినప్పుడు ప్లాస్మిడ్ నకలు ఒకదాని నుండి మరొకదానిలోనికి పోగలదు. అదే ప్లాస్మిడ్ మీద ఇతర వర్గాల మందులకు నిరోధకతనిచ్చు జన్యువులు కూడా వరుసగా ఉండుట మామూలు. అందువలన ఒక రోగికి ఏదో ఒక యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు ఆ మందుకు లొంగని బాక్టీరియాతో పాటు ఎన్.డి.ఎం-1 జన్యువు కూడా వృద్ధి చెందవచ్చును.

పేరుపై వివాదము

2010 ఆగస్టులో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో ఒక వ్యాసము వెలువడినది. మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందిన కార్తికేయన్ కుమారస్వామి దీని మొదటి రచయిత. చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37, భారత్ పాకిస్తాన్‌లలోని ఇతర స్థలాలలో 73 నమూనాలలో ఎన్.డి.ఎం-1 గల బాక్టీరియాను కనుగొన్నట్లు అందులో తెలిపినారు. బ్రిటన్‌లోని 29 మంది రోగులలో కనీసము 17 మంది అంతకు ముందు ఏడాదిలోపు భారత్ లేదా పాకిస్తాన్‌కు వెళ్ళివచ్చినవారు. వైద్యము కొరకు విదేశీయులు భారతదేశమునకు వెళ్ళుట విషయములో ఆ వ్యాసము హెచ్చరిక చేయుటతో పార్లమెంటులోను పత్రికలలోను పెద్ద దుమారము లేచినది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఆ అభిప్రాయమును ఖండించినది. దేశ రాజధాని పేరు పెట్టుట అవమానకరమని పలువురు అన్నారు. లాన్సెట్ సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ 2011 జనవరిలో ఆ పేరు విషయమై విచారము వెలిబుచ్చినాడు.

ఎంజైములకు ఊరి పేరు పెట్టుట అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతి. ఇటలీలోని వెరోనా పేరుతో విం, బ్రెజిల్‌లోని సావోపాలో పేరుతో ఎస్.పి.ఎం, దక్షిణ కొరియాలోని సియోల్ పేరుతో సిం అను ఎంజైములు ఉన్నవి. అయినను నొచ్చుకొనుటకు కారణము లేకపోలేదు. ఎక్కడ పుట్టినదో రుజువు కాకముందే పేరు స్థిరపడిపోయినది.

ఈ గొడవలో మరుగునపడిన సంగతి ఒకటి కలదు. లాన్సెట్ వ్యాసమునకు ఐదు నెలల ముందే, 2010 మార్చిలో, భారత వైద్యుల సంఘపు పత్రిక అయిన జాపిలో ముంబైకి చెందిన ఒక ఆసుపత్రి వైద్యులు తమ పరిశోధనను ప్రచురించినారు. 2009లో మూడు నెలల కాలములో వారికి కనిపించిన 24 కార్బాపెనెం నిరోధక బాక్టీరియాలలో 22 ఎన్.డి.ఎం-1 గలవి. అదే సంచికలో చెన్నై వైద్యుడు అబ్దుల్ గఫూర్ యాంటీబయాటిక్‌ల మరణవార్త అను అర్థము వచ్చు శీర్షికతో సంపాదకీయము వ్రాసినాడు. హెచ్చరిక మొదట దేశములోని వైద్యుల నుండియే వచ్చినది. దానిని విదేశీ పత్రిక చెప్పువరకు పట్టించుకొన్నవారు తక్కువ.

ఆసుపత్రులలో వ్యాప్తి

2010 నాటి వ్యాసములో, పేరు మీది వాదము కంటే ఆసుపత్రులకు ఎక్కువ పనికివచ్చు పరిశీలన ఒకటి ఉన్నది. హర్యానాలో దొరికిన క్లెబ్సియెల్లా నమూనాలు ఒకే వంశమునకు చెందినవి. చెన్నై, బ్రిటన్ నమూనాలు మాత్రము పలు వంశములవి. ఒకే వంశపు బాక్టీరియా చాలామంది రోగులలో కనిపించినదంటే అది చేతుల ద్వారా, పరికరముల ద్వారా ఒకరి నుండి ఒకరికి చేరి ఉండుట సంభవము. వేర్వేరు వంశముల బాక్టీరియాలలో ఒకే జన్యువు ఉన్నదంటే ప్లాస్మిడ్ తిరుగుతున్నదని భావించవలెను. మొదటి స్థితిలో వార్డు శుభ్రత, రోగులను వేరు చేయుట తొందరగా ఫలితమిస్తాయి. రెండవ స్థితిలో వాటికి తోడు యాంటీబయాటిక్ వాడకమును, నీటిని, మురుగును కూడా చూడవలసి వస్తుంది.

అందరికంటే ఎక్కువ ముప్పు నవజాత శిశువులకు ఉన్నది. ఢిల్లీలోని మూడు ఆసుపత్రులలో జరిపిన ఒక పెద్ద అధ్యయనము 2016లో ప్రచురితమైనది. ఇంటెన్సివ్ కేర్‌లో చేరిన 13,530 మంది శిశువులను ఇందులో పరిశీలించినారు. రక్తములో చేరిన బాక్టీరియాలలో అసినిటోబాక్టర్, క్లెబ్సియెల్లా, ఎషెరీషియా కోలి ప్రధానమైనవి. అసినిటోబాక్టర్‌లలో 82 శాతము పలు మందులకు లొంగనివి. మరణములలో దాదాపు నాలుగవ వంతునకు రక్తపు ఇన్‌ఫెక్షనే కారణము. ఈ అధ్యయనము ఎన్.డి.ఎం జన్యువును మాత్రమే లెక్కించుటకు చేసినది కాదు. కాని అందులోని ఒక విషయము ఆసుపత్రుల నిర్వాహకులు మరువరానిది: ఇన్‌ఫెక్షన్లలో మూడింట రెండు వంతులు పుట్టిన 72 గంటలలోపే మొదలైనవి. మూడు రోజులు నిండని శిశువునకు ఇటువంటి క్రిమి సోకినదంటే అది ప్రసూతి గది, అక్కడి చేతులు, అక్కడి పరికరముల నుండి వచ్చి ఉండుటకే ఎక్కువ అవకాశమున్నది.

కట్టడి చేయు పద్ధతులు

ఇటువంటి బాక్టీరియా వ్యాప్తిని ఆపవచ్చుననుటకు బలమైన నిదర్శనము ఇజ్రాయెల్ అనుభవము. అక్కడ 2006లో వ్యాపించినది ఎన్.డి.ఎం కాదు, కె.పి.సి. అను మరొక కార్బాపెనెం నాశక ఎంజైము. కాని రోగికి జరుగు అపాయము, వ్యాపించు మార్గము దాదాపు ఒకటే. 2007 మార్చి నాటికి ప్రతి లక్ష రోగి-దినములకు 55.5 కొత్త కేసులు నమోదైనవి. అప్పుడు దేశములోని 27 ఆసుపత్రులలోను ప్రభుత్వము ఒకే ఆదేశమును అమలు చేసినది. బాక్టీరియా ఉన్న రోగులను విడిగా ఉంచవలెను. వారికి విడి నర్సులు ఉండవలెను. ప్రతి ఆసుపత్రి ప్రతిరోజు లెక్క పంపవలెను. ఒక కేంద్ర బృందము స్వయముగా వచ్చి చూసి లోపములను సరిచేయించవలెను. 2008 మే నాటికి ఆ సంఖ్య 11.7కు తగ్గినది. ఇందులో కొత్త మందు ఏదియు లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నవంబరులో ఈ విషయమై ప్రత్యేక మార్గదర్శకములను వెలువరించినది. చేతుల శుభ్రత, నిఘా, రోగిని తాకునప్పుడు గౌను మరియు చేతితొడుగులు ధరించుట, రోగిని వేరు గదిలో ఉంచుట, పరిసరముల శుభ్రత వీటిలో ముఖ్యమైనవి. నిఘా అనగా జబ్బు లక్షణములు ఉన్నవారిని మాత్రమే కాక, అనుమానము గల రోగులందరినీ, మలద్వారము నుండి దూదిపుల్లతో తీసిన నమూనా ద్వారా పరీక్షించుట. ప్రేగులలో బాక్టీరియా ఉండి ఏ బాధా లేని రోగియే తెలియకుండా దానిని వార్డంతా పంచిపెట్టుట వలన ఈ పరీక్షకు ప్రాధాన్యము కలిగినది.

చేతుల శుభ్రత వినుటకు తేలికగా ఉన్నను ఆచరణలో ఇదియే కష్టమైనది. ఒక నర్సు పదుల మంది రోగులను చూసుకొనే వార్డులో ప్రతి స్పర్శకు ముందు, వెనుక చేతులు కడుగుకొనుటకు సమయము చాలదు. మంచము ప్రక్కనే ఆల్కహాలు ద్రావణపు సీసా ఉంచుట ఇందుకొరకే. అది లేని చోట గోడ మీది ప్రకటనల వలన ప్రయోజనము స్వల్పము. ఒకే మంచముపై ఇద్దరు రోగులు పడుకొనే ఆసుపత్రిలో వేరు గది మాట చెప్పనక్కరలేదు. అటువంటి చోట ఈ బాక్టీరియా ఉన్న రోగులనందరినీ వార్డులో ఒక వైపున చేర్చి, వారికి విడిగా సిబ్బందిని, విడి థర్మామీటరును, రక్తపోటు కొలుచు పట్టీని కేటాయించుట తరువాతి మార్గము. మన ఆసుపత్రులలో రోగి వెంట ఉండి స్నానము చేయించి, మలమూత్రములు ఎత్తునది ఎక్కువగా ఇంటివారే. విదేశీ మార్గదర్శకములలో వీరి ప్రసక్తి తక్కువ. వీరికి చేతులు శుభ్రము చేసుకొను పద్ధతి నేర్పనిచో నర్సులకు ఇచ్చిన శిక్షణ సగము వృథా.

చేతులు కడుగుకొనే సింకు కూడా ప్రమాదస్థానము కాగలదు. దాని తూములోని జిగట పొరలో కార్బాపెనెం నిరోధక బాక్టీరియా నెలల తరబడి నిలిచి ఉండి, నీరు పడినప్పుడు తుంపరలతో పైకి వచ్చుట పలు దేశముల ఆసుపత్రులలో గమనించబడినది. రోగి మిగిల్చిన ద్రవములను, మందులను చేతులు కడిగే సింకులో పారబోయరాదను నియమము ఇందువలననే వచ్చినది. మూత్రపు గొట్టము, రక్తనాళపు గొట్టము, వెంటిలేటర్ ఇంకను అవసరమా అని ప్రతిదినము ప్రశ్నించుకొని, అక్కర తీరిన వెంటనే తీసివేయుట మరొక ముఖ్యమైన పద్ధతి.

కట్టడి ఎంతవరకు పనిచేయగలదో తెలుపు ఉదాహరణ అమెరికాలోని నెవాడా రాష్ట్రములో జరిగినది. భారతదేశములో తొడ ఎముక విరిగి పలుమార్లు ఆసుపత్రిలో చేరిన ఒక వృద్ధురాలు 2016లో అక్కడ మరణించినది. ఆమె శరీరములోని క్లెబ్సియెల్లాకు ఎన్.డి.ఎం ఎంజైము ఉన్నది. ఆ దేశములో లభించు 26 యాంటీబయాటిక్‌లలో ఒక్కటియు దానిపై పనిచేయలేదు. అయితే ఆమెను విడి గదిలో ఉంచి జాగ్రత్తలు పాటించినందున, ఆ విభాగములోని ఇతర రోగులను పరీక్షించినప్పుడు ఒక్కరిలోను ఆ రకపు బాక్టీరియా కనిపించలేదు. మందులన్నియు ఓడిపోయిన చోట గది తలుపు పనిచేసినది.

గుర్తించు పరీక్షలు

మామూలు కల్చర్ పరీక్షలో మెరోపెనెం పనిచేయదని తెలియుటకు రెండు మూడు రోజులు పట్టును. అందుకు కారణమైన ఎంజైము ఏదో దాని వలన తెలియదు. పూర్వము వాడిన మాడిఫైడ్ హాడ్జ్ పరీక్ష ఎన్.డి.ఎం విషయములో తరచు తప్పు ఫలితమిచ్చేది. ఇ.డి.టి.ఎ. అను రసాయనము జింకును లాగివేయును గనుక దానిని చేర్చినప్పుడు మందు తిరిగి పనిచేసినచో జింకు ఆధారిత ఎంజైము ఉన్నదని గ్రహించవచ్చును; చిన్న ప్రయోగశాలలకు ఇది అందుబాటులో గల ఉపాయము. 2012లో ఫ్రెంచి పరిశోధకులు రూపొందించిన కార్బా ఎన్.పి. పరీక్షలో ద్రావణము ఎరుపు నుండి పసుపునకు మారుటను బట్టి రెండు గంటలలో ఫలితము తెలియును. జన్యువును నేరుగా గుర్తించుటకు పి.సి.ఆర్. పరీక్ష కలదు.

చికిత్స

2010 ప్రాంతములో వైద్యులకు మిగిలినవి ముఖ్యముగా కొలిస్టిన్, టైజీసైక్లిన్ మాత్రమే. కొలిస్టిన్ మూత్రపిండములకు హాని చేయుటచే ఎన్నో ఏళ్ళు ప్రక్కన పెట్టబడిన పాత మందు. దానిని కూడా నిరుపయోగము చేయు ఎం.సి.ఆర్-1 అను ప్లాస్మిడ్ జన్యువును 2015లో చైనాలో కనుగొన్నారు. టైజీసైక్లిన్ టెట్రాసైక్లిన్ కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబములో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వెలువడినప్పుడు అక్కడ పరిశోధనకు అధిపతి తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇప్పుడు పరిస్థితి కొంత మెరుగైనది. అజ్ట్రియోనామును ఎన్.డి.ఎం తెంచలేదని పైన చెప్పబడినది. దానిని తెంచు ఇతర ఎంజైములను అవిబాక్టం అను సహాయక ద్రవ్యము అడ్డగించును. సెఫ్టాజిడిం-అవిబాక్టం మందును అజ్ట్రియోనాముతో కలిపి ఇచ్చిన రోగులలో 30 రోజుల లోపు మరణములు 19.2 శాతము, ఇతర మందులు ఇచ్చినవారిలో 44 శాతము అని ఇటలీ, గ్రీసు దేశముల ఆసుపత్రులలో జరిపిన ఒక పరిశీలన 2021లో తెలిపినది. అజ్ట్రియోనాం-అవిబాక్టం కలిసిన మందు 2024లో ఐరోపాలోను, 2025 ఫిబ్రవరిలో అమెరికాలోను అనుమతి పొందినది. మంచి చికిత్సలో కూడా ఐదుగురిలో ఒకరు మరణించుట గమనింపదగినది.

నీరు, పరిసరములు

2010 సెప్టెంబరు-అక్టోబరులలో న్యూఢిల్లీ వీధులలో నిలిచిన నీటి నుండి 171, కుళాయిల నుండి 50 నమూనాలు సేకరించి పరీక్షించగా మొదటి వాటిలో 51, రెండవ వాటిలో 2 నమూనాలలో ఎన్.డి.ఎం-1 జన్యువు దొరికినది. కలరా కారక బాక్టీరియాలో కూడా అది కనిపించినది. ప్లాస్మిడ్ మార్పిడి 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఎక్కువ చురుకుగా జరిగినదని, ఆ ఉష్ణోగ్రత ఢిల్లీలో ఏడాదిలో చాలా నెలలు ఉండునని పరిశోధకులు వ్రాసినారు. ప్రభుత్వ వర్గములు ఈ ఫలితములను అంగీకరించలేదు. 2019లో ఉత్తర ధ్రువ ప్రాంతమైన స్వాల్‌బార్డ్ మట్టిలో కూడా ఈ జన్యువును కనుగొన్నారు.

ఈ విషయములో తెలంగాణకు ప్రత్యేక సంబంధము కలదు. హైదరాబాదు వద్ద పటాన్‌చెరులో సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధి చేయు కేంద్రము నుండి బయటకు వచ్చు నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించినారు. ఆ మందు వాడుచున్న రోగి రక్తములో కంటే ఇది ఎక్కువ గాఢత. 2016 నవంబరులో హైదరాబాదు పరిసరములలో సేకరించిన నీటి నమూనాలలో 95 శాతమునకు పైగా పలు మందులకు లొంగని బాక్టీరియా ఉన్నదని జర్మను బృందమొకటి 2017లో తెలిపినది. వాటిలో కార్బాపెనెంలను నాశనము చేయునవి కూడా ఉన్నవి. కర్మాగారముల నీటిలో యాంటీబయాటిక్ పరిమితిని నిర్ణయించు ముసాయిదాను కేంద్ర ప్రభుత్వము 2020 జనవరిలో ప్రకటించినది గాని, 2021లో వచ్చిన తుది నిబంధనలలో ఆ పరిమితులు చేర్చలేదు.

భారతదేశములో చర్యలు

2012లో వైద్య సంఘముల ప్రతినిధులు చెన్నైలో సమావేశమై, దేశ పరిస్థితులలో ఆచరింపదగిన చర్యలతో ఒక ప్రణాళికను సిద్ధము చేసినారు. దీనిని చెన్నై డిక్లరేషన్ అంటారు. మందుల చీటీ లేకుండా యాంటీబయాటిక్‌ల అమ్మకమును ఒక్కసారిగా నిషేధించినచో వైద్యుడే లేని పల్లెలలో రోగులు నష్టపోవుదురని, మొదట కార్బాపెనెం వంటి పై తరగతి మందులతో ప్రారంభించవలెనని ఇందులోని ఆలోచన. 2014 మార్చి నుండి అమలులోనికి వచ్చిన హెచ్-1 షెడ్యూలు ఇటువంటిదే. ఆ జాబితాలోని మందులను అమ్మిన దుకాణదారుడు రోగి పేరు, వైద్యుని పేరు వేరే పుస్తకములో నమోదు చేయవలెను. చీటీ మీదనే అమ్మవలసిన యాంటీబయాటిక్ పెట్టెలపై నిలువు ఎర్ర గీతను గుర్తించుమని ప్రజలకు తెలుపు ప్రచారము 2016లో ప్రారంభమైనది. భారత వైద్య పరిశోధన మండలి 2013లో ఆసుపత్రులను కలిపి నిరోధకతపై నిఘా వ్యవస్థను నెలకొల్పినది. 2017లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక వెలువడినది. 2019లో కోళ్ళ, పశువుల పెంపకములో కొలిస్టిన్ వాడకమును నిషేధించినారు.